గంట కాదు, రుమాలు

మొన్న తార్నాక మెట్రో స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. పక్కన నలుగురు కాలేజీ పిల్లలు ఒకే ఫోన్‌లోకి తలలు దూర్చి ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటున్నారు. అన్నీ ఫుట్‌బాల్ ప్రశ్నలే. దొంగలెత్తుకుపోయిన ప్రపంచకప్పును మళ్లీ ఎవరు కనిపెట్టారు? ఒకడు పోలీసులన్నాడు, ఇంకొకడు చెత్త ఏరుకునేవాడన్నాడు.

"కుక్క" అని నా నోట్లోంచి వచ్చేసింది.

నలుగురూ నావైపు తిరిగారు. చేతిలో కూరగాయల సంచీ, కళ్లద్దాలు, చెప్పులకు పట్టిన దుమ్ము. ఇలాంటి మనిషికి అది తెలిసి ఉండటం వాళ్లకు వింతగా తోచినట్టుంది. "ఇంకా ఏమేం తెలుసు ఆంటీ?" అన్నాడొకడు సరదాగా. వాడు మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం అక్కడ నిలబడబుద్ధి కాలేదు. వచ్చిన రైలు ఎక్కకుండా మెట్లు దిగి కిందికొచ్చేశాను.

చిన్నప్పుడు మేం అద్దెకున్న ఇంటి స్థలంలో ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. ఎవరు కావాలని వాచ్‌మన్ అడిగాడు. ఎవరూ వద్దని చెప్పి యూనివర్సిటీ క్యాంపస్ వైపు నడక మొదలుపెట్టాను. నడుస్తుంటే అంతా గుర్తొచ్చింది. అంటే మరిచిపోయానని కాదు.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. నాన్నకు యూనివర్సిటీలో గుమాస్తా పని దొరికి, మేం కడప వైపు నుంచి తార్నాక వచ్చి నాలుగేళ్లయింది. కింద రెండు గదులు మావి. డాబా మీద రేకుల గది ఒకటుండేది. అందులో ఉండేది అక్క. సొంత అక్క కాదు. జనగామ అవతల ఏదో పల్లె వాళ్లది. నాయన రైతు. హాస్టల్లో సీటు రాక ఆ గదిలో ఉండి ఎం.ఏ. చదివేది. పొద్దున మా ఇంట్లో చెనిక్కాయలు వేయించిన వాసన పైకెక్కేది. సాయంత్రం అక్క కాల్చే జొన్నరొట్టెల వాసన కిందికి దిగేది. వాసనల వెంబడే గిన్నెలూ ఎక్కిదిగేవి. ఆ గిన్నెలు మోసే పని నాది. మెట్లు ఎక్కమంటే నాకు పండగే. కూర్చోమంటేనే ప్రాణం పోయేది.

"ఏమ్మే, ఒక్కతావున కూసోలేవా? కాళ్లకు చక్రాలేమన్నా ఉండాయా?" అని అమ్మ రోజుకు పదిసార్లయినా అనేది. అన్నం తింటూ లేచేదాన్ని. జడ వేస్తుంటే లేచేదాన్ని. సగం జడతో వీధి చివరిదాకా పోయి వచ్చిన రోజులున్నాయి.

ఆ ఏడు ఫుట్‌బాల్ ప్రపంచకప్పు మనకు తూర్పున ఉన్న దేశాల్లో జరిగింది. అందుకని మ్యాచ్‌లు మన మధ్యాహ్నాలకూ సాయంత్రాలకూ వచ్చేవి. మా వీధిలో ఎవరికీ అది పట్టలేదు. వాళ్లకు ఆటంటే క్రికెట్టే. వేసవి సెలవుల చివర ఒక సాయంత్రం మాత్రం వీధి చివర పెద్ద గోల వినిపిస్తే నేనూ అక్కా వెళ్లి చూశాం. క్యాంపస్‌లో చదువుకునే ఆఫ్రికా విద్యార్థులు కొందరు అక్కడ అద్దెకుండేవారు. వాళ్లు గిన్నెలు వాయించుకుంటూ రోడ్డు మీదికొచ్చి ఎగురుతున్నారు. తొలి మ్యాచ్‌లోనే ఒక ఆఫ్రికా దేశం, కిందటిసారి కప్పు గెలిచినవాళ్లను ఓడించిందట. ఒకాయన మమ్మల్ని చూసి "మేం గెలిచాం! మేం గెలిచాం!" అని ఇంగ్లీషులో అరిచాడు. తీరా అడిగితే గెలిచింది ఆయన దేశం కాదు. పక్క దేశమూ కాదు. ఎక్కడో రెండువేల మైళ్ల దూరం.

అక్క చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. "గెలిచింది వేరేటోళ్లు. సంబురం గీయనది. ఏమున్నదే గీ ఆటల?" అంది.

మర్నాటి నుంచి మా టీవీ ముందు చాప మీద కూర్చుని మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి క్యాంపస్‌లో ఒక కాగితం అంటించారు. ఫుట్‌బాల్ మీద క్విజ్. ఎవరైనా రావచ్చు. చివరి పోటీ పెద్ద హాల్లో, అందరి ముందు. అక్క పేరిచ్చి వచ్చింది.

"నువ్వెప్పుడన్నా బంతి తన్నినావా?" అన్నాను.

"తన్నుడెందుకు? చదివి యాదుంచుకుంట. నాకు ఒక్కపాలి చదివితే పోదు."

అది నిజమే. అక్క బుర్రలో పడ్డది బయటికి పోయేది కాదు. అయితే చదవడానికి పుస్తకాలేవి? ఆ వెతుకులాట నాకప్పగించింది. తార్నాక చౌరస్తా దగ్గర పాత పేపర్ల దుకాణంలో కట్టల మధ్య దూరి, దుమ్ముకు తుమ్ముకుంటూ, పాత ఆటల పత్రికలు ఏరుకొచ్చేదాన్ని. అందులో ఉన్నవి కేలెండర్ కాగితాల వెనకవైపు చీటీలుగా రాసి అక్కకిచ్చేదాన్ని. పత్రికలు చాలనప్పుడు లాలాగూడ తాత ఉండేవాడు. రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైన ముసలాయన, నాన్నకు తెలిసినవాడు. వయసులో ఉన్నప్పుడు ఉత్తికాళ్లతో ఫుట్‌బాల్ ఆడేవాడట. క్వార్టర్స్ ముందు నులక మంచం వేసుకుని, సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ చెప్పేవాడు.

"మన దేశపోళ్లను గూడ ప్రపంచకప్పుకు పిలిచిన్రు, ఎరుకనా? పోలే. బూట్లు లేకుంటె ఆడనియ్యమన్నరట. గదే అసలు ముచ్చట."

"బూట్లు కాదంట తాతా, పత్రికలో వేరేగా ఉంది."

"పత్రికోడు ఆడిండా, నేను ఆడిన్నా?" అని పాదం ఎత్తి చూపేవాడు. బొటనవేలు ఒక పక్కకు తిరిగి ఉండేది. ఆ వేలు ఎలా విరిగిందో చెప్పడం మొదలుపెడితే అరగంట. కదలకుండా వినాలి. నాకు అదొక్కటే గండం.

అప్పటి చీటీలు ఇప్పటికీ కొన్ని కళ్లముందున్నాయి. యుద్ధకాలంలో ఒకాయన ప్రపంచకప్పును చెప్పుల పెట్టెలో పెట్టి మంచం కింద దాచాడు. మొట్టమొదటి ఫైనల్లో ఎవరి బంతితో ఆడాలో తేలక కొట్టుకుని, సగం ఆట ఒకరి బంతితో, సగం ఇంకొకరి బంతితో ఆడారు. పసుపు కార్డు, ఎర్ర కార్డు ట్రాఫిక్ లైట్లు చూసి పుట్టాయి. కప్పును ఒక పొద కింద, పేపర్లో చుట్టి ఉండగా కుక్క వాసన పట్టింది. ఆ కుక్కకు ఒక చెవి సగం తెగి ఉందని నేను చీటీలో కలిపాను. పత్రికలో చెవి సంగతే లేదు. ఉంటే బాగుంటుందనిపించింది. అక్క చదివి నవ్వింది. "చెవి గూడ రాసిన్రా? మస్తుగున్నదే" అంది. ఇంట్లో, బళ్లో నన్ను కూర్చోమనేవాళ్లే అందరూ. తిరిగి ఏం తెచ్చావని ఎదురుచూసే మనిషి ఆమె ఒక్కతే.

బడి తెరిచారు. వాన జాడ లేదు. అక్కకు ఊరి నుంచి మా ఇంటి ఫోన్‌కు పిలుపొచ్చింది. మాట్లాడి, రిసీవర్ పెట్టి, మా వంటింటి గడప మీద కూర్చుంది.

"ఏమంటాండాడు మీ నాయన?" అని అడిగింది అమ్మ.

"చదివింది చాలంటుండు. తమ్మునొక్కనితోని అయితలేదట. వచ్చి పొలం కాడ ఉండమంటుండు. ఒక్కపాలి వచ్చి చూసిపో నాయినా, నేనేం చేస్తున్ననో చూసినంక చెప్పు అన్న. క్విజ్ నాటికి వస్తనన్నడు."

ఆ రోజు నుంచి అక్కా నాలాగే అయిపోయింది. డాబా మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ చదివేది. నేను వెనకాలే చీటీలు పట్టుకుని తిరుగుతూ అడిగేదాన్ని. ఇద్దరి అడుగుల చప్పుడుకు కింద అమ్మ తిట్టేది.

క్విజ్ రెండు రోజులుందనగా అక్క ఒక పని చెప్పింది. "రిఫరీలు సీటీ ఊదుడు మొదలుపెట్టకముందు ఆట ఎట్ల ఆపేటోళ్లు? యాడ దొరకలే. లాలాగూడ తాతను అడిగి రా."

బడి నుంచి అటే వెళ్లాను. తాత మంచం మీదే ఉన్నాడు, అటు తిరిగి చాయ్ తాగుతున్నాడు. ఇప్పుడు పిలిస్తే మళ్లీ ఆ వేలి కథ. పట్టాల అవతల పాత పెట్టెలను ఇంజను ఒకటి ముందుకూ వెనక్కూ నెడుతోంది. దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు కొనుక్కున్నాను. ఇంకా కాసేపు చూశాను. తర్వాత తాతను పిలవకుండానే ఇంటికి వచ్చేశాను.

"ఏం చెప్పిండే తాత?" మెట్ల మీదే ఎదురొచ్చింది అక్క.

"గంట" అన్నాను. ఆలోచించలేదు. బడి గంటే గుర్తొచ్చిందేమో. "చిన్న గంట మోగించేవాళ్లంట. చేతిలో పట్టుకుని."

"గంటనా!" అక్క మొహం వెలిగిపోయింది. "గుళ్లె లెక్కనా? ఇది ఎవ్వనికి తెల్వది సూడు."

ఆ చీటీ నాచేతే రాయించింది.

అక్క వాళ్ల నాయన క్విజ్ నాటి ఉదయమే వచ్చాడు. తెల్ల ధోవతి, మడత నలగని చొక్కా, భుజాన తువ్వాలు. సంచీ నిండా మక్క గారెలు తెచ్చాడు. అమ్మను చెల్లె అన్నాడు. నన్ను బిడ్డా అన్నాడు. అక్క నాయన కాబట్టి నేను ఆయన్ని పెద్దనాయినా అన్నాను. అమ్మ ఆయన కోసం శనగబేడలు ఉడకేసి ఓళిగలకు పూర్ణం రుబ్బుతోంది. "గెలిచి రాండి, నెయ్యేసి పెడతా" అంది మాతో.

హాలు నిండిపోయింది. అక్క వేదిక మీద, రాతపోటీలో నెగ్గి వచ్చిన ఆరుగురిలో ఒకతె. ఆడపిల్ల ఆమె ఒక్కతే. నేనూ పెద్దనాయనా మూడో వరసలో కూర్చున్నాం. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, కుర్చీకి ఆనకుండా కూర్చున్నాడు. ప్రశ్నలు ఇంగ్లీషులో అడిగి తెలుగులోనూ చెబుతున్నారు. అక్క ఒకటి చెప్పింది. రెండు చెప్పింది. బంతుల గొడవ వచ్చింది, చెప్పేసింది. చెప్పుల పెట్టె వచ్చింది. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా ఆయన నావైపు వంగి "కరెక్టేనా?" అనేవాడు. "కరెక్టే" అనేదాన్ని. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు.

చివరికి అక్కా, ఇంజనీరింగ్ అబ్బాయి ఒకతనూ సమానంగా మిగిలారు. అక్కకు ప్రశ్న వచ్చింది. "ఈల వాడకం రాకముందు రిఫరీలు ఆటను ఎలా ఆపేవారు?"

అక్క నవ్వింది. హాలంతా వెతికి నన్ను చూసి మరీ నవ్వింది. నేను తల దించేశాను.

"చిన్న గంట మోగించేవారు సార్."

"తప్పు" అన్నారు క్విజ్ నడుపుతున్న సారు. ప్రశ్న అబ్బాయికి వెళ్లింది. "రుమాలు ఊపేవారు" అన్నాడతను. హాలు దద్దరిల్లింది.

పెద్దనాయన నావైపు వంగాడు. "ఏంది బిడ్డా? మా పిల్ల తప్పు జెప్పిందా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన కళ్లు చూశాను. "లేదు పెద్దనాయినా. అక్క చెప్పిందే కరెక్టు. వాళ్లకే తెలీదు."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. తువ్వాలు తీసి కుర్చీ మీద పెట్టి, లేచి నిలబడ్డాడు.

"సారూ! జర ఆగుండ్రి."

చప్పట్లు ఆగాయి. అందరూ వెనక్కి తిరిగారు.

"మా పిల్ల చెప్పింది తప్పు గాదు సారు. మీరు మల్లొక్కసారి చూడుండ్రి."

"మీరెవరండీ?" అన్నారు సారు మర్యాదగానే.

"నేను ఆమె నాయినను. సేద్యం చేస్త. నాకు గీ ఆట తెల్వది. కని మా పిల్ల తెల్వంది చెప్పది."

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొందరు. "గంట కొట్టు, గంట కొట్టు" అని ఎవరో అరిచారు. అక్క వేదిక మీద లేచి నిలబడి, "నాయినా, కూసో" అంటోంది. మైకు దూరంగా ఉండటంతో ఆ మాట వినపడలేదు, పెదవులే కదిలాయి.

"మీకు ఎవరు చెప్పారు, గంట అని?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "గీ పాప చెప్పింది సారు. గీమె అన్ని పుస్తకాలు చదివింది. అడుగుండ్రి."

"చెప్పు పాపా. ఎక్కడ చదివావు?"

హాలంతా నన్నే చూస్తోంది. నేను లేచాను. మాట్లాడటానికే లేచాననుకుని ఆయన చెయ్యి తీసేశాడు. నేను కుర్చీల మధ్య నుంచి ఉరికాను. తలుపు దాటి, మెట్లు దాటి, సీతాఫలం పొదల పక్కన కాలిబాట పట్టుకుని, గేటు దాటి, చౌరస్తా దాటి ఇంటిదాకా ఆగలేదు. వెనక నుంచి వచ్చిన నవ్వు ఎంతదాకా వినపడిందో ఎంతదాకా వినపడిందనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

గంట తర్వాత వాళ్లొచ్చారు. అమ్మ ఓళిగలు పెట్టింది. నెయ్యి వేసింది. పెద్దనాయన రెండు తిని, "మంచిగున్నయి చెల్లె" అన్నాడు. చెయ్యి కడుక్కుని, ఎండ ఉండగానే ఉప్పల్ వెళ్లి బస్సెక్కుతానని లేచాడు. అక్క గేటు దాకా వెళ్లింది.

"ఏం చెయ్యమంటవు నాయినా?"

"మల్ల ఫోన్ చేస్త" అన్నాడు. అంతే.

మర్నాడు అక్క నన్ను పైకి పిలిచింది. చీటీలన్నీ నేల మీద కుప్ప పోసి ఉన్నాయి. "నిజమైనయి గీడ పెట్టు. నువ్వు కల్పించినయి గాడ పెట్టు" అంది. కూర్చున్నాను. ఆ రోజు మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను. తెగిన చెవి అవతల పెట్టాను. గంట అవతల పెట్టాను. కొన్ని నిజమో నేను కలిపానో నాకే తెలియలేదు. వాటికోసం అక్క నన్ను లాలాగూడ తీసుకుపోయింది.

"రుమాల్" అన్నాడు తాత అడగ్గానే. "తెల్ల రుమాల్ ఊపుతుండ్రి. ఇంత చిన్న ముచ్చటకు ఇద్దరొచ్చిన్రా? ఒక్క మాట అడిగితే చెప్పకపోదునా?"

తిరిగొచ్చేటప్పుడు అక్క నాకన్నా ముందు నడిచింది. రైల్వే గేటు దగ్గర ఆగి అంది. "అబద్ధం చెప్పినవు, సరే. నేను గూడ ఇంకొకసారి చూసుకోవాల్సింది. కని మా నాయిన నిలబడ్డడు. అందరు నవ్వుతుండ్రు. నువ్వు ఉరికినవు." గేటు తెరవగానే పట్టాలు దాటేసింది.

ఆ తర్వాత పదిరోజులు ఫోన్ మోగితే చాలు, ఇంట్లో ముగ్గురం ఉలిక్కిపడేవాళ్లం. అక్క తన పుస్తకాలు తాళ్లతో కట్టి ఒక మూల పెట్టింది. మళ్లీ విప్పింది. మళ్లీ కట్టింది. ప్రపంచకప్పు ఫైనల్ వచ్చి పోయింది. ఎవరు గెలిచారో నేను పట్టించుకోలేదు. బళ్లో టీచరు లేచి నిలబడమంటే నిలబడేదాన్ని, కూర్చోమంటే కూర్చునేదాన్ని. నాకేదో జబ్బు చేసిందని అమ్మ దిష్టి తీసింది.

ఒక ఆదివారం పొద్దున వాన మొదలైంది. పదకొండింటికి ఫోన్ మోగింది. అమ్మ ఎత్తి, "ఇదో పిలుస్తా, ఉండు అన్నా" అని అక్కను కేకేసింది. ఇంతలో అటువైపు నుంచి ఏదో అన్నాడాయన. అమ్మ రిసీవర్ నాకిచ్చింది. "నిన్నే అడుగుతాండాడు."

"బిడ్డా, బాగున్నవా?" గొంతు వెనక వాన చప్పుడు. "ఒక్కటి అడుగుత. నిజం చెప్పు. గంటనా, రుమాలా?"

అక్క అప్పటికే తడుస్తూ మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రుమాలు పెద్దనాయినా. గంట నేను కల్పించిన. తాతను అడగలే. అడిగిన అని అక్కకు అబద్ధం చెప్పిన."

"మరి నేను లేసినప్పుడు ఎందుకు చెప్పకపోతివి?"

"భయమైంది."

"ఊఁ" అన్నాడు. "నాకు గూడ భయమైంది, లేసినంక. మల్ల కూసునుడు ఎట్లనో తెల్వలే." నవ్వాడో దగ్గాడో అర్థం కాలేదు. "అయితే మా పిల్ల తనంతల తాను తప్పు చెప్పలే."

"లేదు. నా వల్లనే."

"మంచిది. ఆమెకియ్యి ఫోను."

అక్క రిసీవర్ చెవికి పెట్టుకుంది. ఊఁ అంది. ఊఁ అంది. సరే నాయినా అంది. పెట్టేసి గోడకానుకుని నిలబడింది. నేనూ అమ్మా ఆమె మొహమే చూస్తున్నాం.

"ఏమన్నాడమ్మే?" అంది అమ్మ.

"ఆన మంచిగ పడ్డదట. గీసారి పత్తి వద్దని మక్క పెడుతుండట. ఎడ్లల్ల ఒకదానికి కాలు వాచిందట." అక్క గొంతు మారింది. "రమ్మని అనలే పిన్నీ. ఆ ముచ్చటనే తియ్యలే."

పైకి వెళ్లి పుస్తకాల తాళ్లు విప్పింది. తలుపు తెరిచే ఉంది. నేను సగం మెట్లదాకా వెళ్లి ఆగిపోయాను. "రా" అంది లోపలి నుంచి. వెళ్లాను.

అక్క ఇంకో రెండేళ్లు ఆ గదిలో ఉంది. తర్వాత ఏదో జిల్లాలో డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. మేం మల్కాజ్‌గిరి మారాం. ఫోన్ నంబర్లు మారాయి, ఉత్తరాలు తగ్గాయి, ఆగిపోయాయి. పెద్దనాయన్ని నేను మళ్లీ చూడలేదు.

పెద్దయ్యాక ఈ సంగతి చాలామందికి చెప్పాను. ఆఫీసులో లంచ్ వేళ, పెళ్లిళ్లలో, పిల్లలకు. తమాషాగా చెప్పడం అలవాటైంది. ఆయన తువ్వాలు కుర్చీ మీద పెట్టి లేచే దగ్గర, ఆయన గొంతు అనుకరించి "సారూ, జర ఆగుండ్రి" అనే దగ్గర, అందరూ పడీ పడీ నవ్వుతారు. వాళ్లు నవ్వే కొద్దీ నేను ఇంకాస్త బాగా అనుకరిస్తాను. ఆ హాల్లో నవ్వినవాళ్లకూ నాకూ తేడా ఏముందో ఇన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు.

మొన్న క్యాంపస్ రోడ్డు మీద అది తట్టింది. హాలు దాకా వెళ్లాను. తలుపులకు తాళం వేసి ఉంది. ఆదివారం కదా. మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఆ రోజు నేను మైకులో నిజం చెప్పక్కర్లేదు. అంత ధైర్యం పన్నెండేళ్ల పిల్లకు ఎక్కడిది? ఉరక్కుండా ఆయన పక్కన నిలబడి ఉంటే సరిపోయేది. నవ్వేవాళ్లు నవ్వేవారు. నవ్వు ఇద్దరి మీద పడేది.